తెల్లకుక్కల కంపౌండర్ సాబ్

మొన్న భూపాలపల్లి నుంచి ఎవరో ఫోన్ చేశారు. తెలియని నంబరు.

"సార్, మా మామ ఇంతెకాల్ అయిండ్రు. పొద్దుగాలనే పానం పోయింది. ఆయన ఫోన్ల ఉన్న నంబర్లన్నిటికి చేస్తున్న. మీది 'కుక్క సార్' అని ఉన్నది. మీరెవరో నాకు తెల్వది, ఏమనుకోకుండ్రి," అన్నాడు అవతలి మనిషి.

ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. నా దగ్గర చదువుకున్న పిల్లలు డాక్టర్లయ్యారు, ఒకడు తాసిల్దారు కూడా అయ్యాడు. అయినా ఒక మనిషి ఫోన్లో, ఆయన చివరి ఊపిరి దాకా, నేను కుక్క సార్‌నే. కోపం రాలేదు. పోయిందెవరో మాత్రం ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

"ఇంకొక నంబరు 'కుక్క సార్ ఆంధ్ర' అని ఉన్నది సార్. గది కలుస్తలేదు."

"ఆయనకు నేను చెప్త బిడ్డా," అన్నాను.

జనగామ నుంచి బస్సులు మారి భూపాలపల్లి చేరేసరికి అంతా అయిపోయింది. మట్టి ఇచ్చి వచ్చినవాళ్లు వాకిట్లో కుర్చీలు సర్దుతున్నారు. ఆయన కూతురు చాయ్ తెచ్చి ఇచ్చి, "మీరు మా అబ్బాకు దోస్తా సార్?" అని అడిగింది. మా కుక్కకు సూదులు వేసేవాడమ్మా అనాలంటే నోరు రాలేదు. అవునన్నాను. అనేశాక, ఆయన పుట్టిన ఊరేదో, ఆయనకు ఎందరు అన్నదమ్ములో, పెళ్లి ఎప్పుడైందో, ఏదీ నాకు తెలియదని గుర్తొచ్చింది. వాపసు వచ్చేటప్పుడు బస్సులో కళ్లముందు ఆడినవి ఆయన చేతులూ, నాలుగైదు మాటలే.

మేం మానుకోటలో ఉన్న రోజులవి. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసేవారు, నోటితో అందరం మానుకోట అనే అనేవాళ్లం. అక్కడి పశువుల దవాఖానలో ఆయన కంపౌండర్. డాక్టర్లు వచ్చేవారు, బదిలీ మీద పోయేవారు. ఆయన మాత్రం ఉండేవాడు. పొట్టి మనిషి. ఎండాకాలంలో కూడా మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. చొక్కా జేబులో పెన్నూ థర్మామీటరూ పక్కపక్కనే. జీతాల రిజిస్టర్లో ఒకసారి థర్మామీటరుతో సంతకం పెట్టబోయాడని దవాఖాన అటెండరు చెప్పేవాడు.

పశువు దగ్గరికి పోయి ముందు అరచెయ్యి చాపేవాడు. అది వాసన చూసేదాకా అట్లాగే నిలబడేవాడు. ఈలోగా పశువు తాలూకు మనిషి, నిన్నటి నుంచి మేత ముట్టలేదనీ, మొన్న పక్కవాళ్ల చేలో పడిందనీ చెప్పుకుపోతుంటే రెండో చెయ్యి ఎత్తి, "జర ఆగుండ్రి. పేషెంట్ మాట్లాడుతున్నడు," అనేవాడు.

ఆయన భాషల లెక్క వేరు. మేకలతో ఉర్దూ. బర్రెలతో తెలుగు. తండాల నుంచి వచ్చే ఎడ్లతో లంబాడీ మాటలు ఓ నాలుగు. కుక్కలతో మాత్రం ఇంగ్లిష్. "సిట్. గుడ్. వెరీ గుడ్. నో ప్రాబ్లం." అంతటితో ఆయన ఇంగ్లిష్ అయిపోయేది. ఇదేమిటని ఒకసారి అడిగాను.

"బర్రెకు ఉర్దూ రాదు గద సార్," అన్నాడు. "కుక్కకు అన్ని భాషలొస్తయ్. గని కుక్కను పట్టుకొచ్చేటోళ్లకు ఇంగ్లిష్ల మాట్లాడితెనే వైద్యం లెక్క అనిపిస్తది."

ఆ కుక్కను పట్టుకొచ్చేవాళ్లలో నేనొకణ్ణి.

మా ఊళ్లో ఆ రోజుల్లో ఉద్యోగస్తుడు ఎదిగాడనడానికి మూడు గుర్తులుండేవి. ముందు లోను ఇల్లు, తర్వాత స్కూటరు, ఆ తర్వాత తెల్లకుక్క. తెల్లకుక్క అంటే పామరేనియనే. ఇంకో పేరు ఎవరూ వినలేదు. నేను హనుమకొండలో ఒక బ్రోకర్ దగ్గర కొన్నాను. "బెంగళూరు నుంచి విమానంల వచ్చింది సార్," అన్నాడు వాడు. నేను బెంగళూరుకు రైల్లో కూడా పోలేదు. కుక్కపిల్లను కాస్త మర్యాదగానే ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ దానికి మల్లి అని పేరు పెట్టింది.

పది రోజులు తిరక్కుండానే మా పక్కింటి ప్రసాద్ గారు కూడా హనుమకొండ పోయి అట్లాంటిదే ఒకటి తెచ్చాడు. మా కాలేజీలోనే ఇంగ్లిష్ లెక్చరర్. కృష్ణా జిల్లా మనిషి. ఉద్యోగం కోసం వచ్చి మానుకోటలోనే ఇల్లు కట్టుకున్నాడు. ఆయన తన కుక్కకు స్నోయీ అని పేరు పెట్టాడు. ఊళ్లో మంచు ఎవరూ చూడలేదు కాబట్టి జనం సోనీ అని పిలిచేవారు.

అంతటితో ఆగితే ఈ కథ లేదు. ప్రసాద్ గారి దగ్గర కుక్కల మీద లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం ఒకటి ఉండేది. కుక్కపిల్లలు పెరిగి ఏడాది దాటాక ఒక ఆదివారం గోడ మీదుగా మా మల్లిని తేరిపార చూసి, ఇంట్లో చావు కబురు చెప్పేటప్పటి గొంతుతో అన్నాడు:

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీది పామరేనియన్ కాదండీ. దీన్ని ఇండియన్ స్పిట్జ్ అంటారు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. చాలామంది మోసపోతారు."

అసలు పామరేనియన్ మూడు కిలోలు దాటదట. మొహం గుండ్రంగా, మూతి కురచగా ఉంటుందట. చలిదేశపు కుక్క, ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి పుట్టిన కుక్క, ఎండ పడదు, గట్టిగా గంతేస్తే మోకాలు జారుతుంది. స్పిట్జ్ దానికి రెండింతలుంటుంది. మూతీ కాళ్లూ పొడుగు. ఎండకు తట్టుకుంటుంది. "పెరుగన్నం పెట్టినా తిని బతికేస్తుందండీ," అన్నాడు. సరిగ్గా అప్పుడు మా మల్లి గోడ ఇవతల పెరుగన్నం తింటోంది.

జంతుశాస్త్రం చెప్పేవాడికి ఇంగ్లిష్ లెక్చరర్ జంతువు గురించి చెప్పడం ఎట్లా ఉంటుందో ఆలోచించండి. పన్నెండేళ్ల పాటు పిల్లలతో కప్పను కోయించిన చెయ్యి నాది. ఆ సాయంత్రమే రెండు కుక్కలనూ కిరాణా కొట్టుకు తీసుకుపోయి తూకం వేయించాను. మల్లి ఏడు కిలోలు. స్నోయీ ఎనిమిది.

"మీ పుస్తకం లెక్కన మీది మా దాని కన్న పెద్ద స్పిట్జ్ అన్నట్టు," అన్నాను.

"అది బొచ్చు బరువండీ," అన్నాడు ప్రసాద్ గారు, కన్ను ఆర్పకుండా.

ఆ తర్వాత దర్జీ టేపుతో మూతులు కొలిచాం. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలన్న దాని మీద వారం వాదించాం. స్టాఫ్ రూంలో కెమిస్ట్రీ ఆయన స్నోయీ వైపు, లెక్కల ఆయన మల్లి వైపు చీలిపోయారు. చివరికి తీర్పు కోసం పశువుల దవాఖానకు బయల్దేరాం, ఇద్దరు లెక్చరర్లం, రెండు కుక్కలు, ఒక టేపు, ఒక ఇంగ్లిష్ పుస్తకం.

కంపౌండర్ సాబ్ బయ్యారం నుంచి వచ్చిన మేకకు మందు తాగిస్తున్నాడు. పని ముగించి, చేతులు కడుక్కుని, ప్రసాద్ గారు తెరిచి చూపించిన పుస్తకాన్ని శ్రద్ధగా చూశాడు.

"కుక్క మంచిగున్నది. ఎవరిది?" అన్నాడు.

"ఎవరిదీ కాదండీ, అది బొమ్మ."

"గట్లనా. బొమ్మకు రోగం రాదు. నయం."

తర్వాత రెండు కుక్కలకూ వంతులవారీగా అరచెయ్యి చాపాడు. చెవులు చూశాడు. నోరు తెరిచి అంగిలి దాకా చూశాడు. కాళ్లు మడిచి, చాపి చూశాడు. మేము పరీక్ష ఫలితాల కోసం నోటీసు బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లల్లా నిలబడ్డాం.

"చెప్పుండ్రి సాబ్. ఏది అసలుది?" అన్నాను.

"రెండూ కరుస్తయ్ సార్."

"అది కాదండీ, జాతి సంగతి," అన్నాడు ప్రసాద్ గారు.

"దీనికి చెవిల చీము పట్టింది. దీనికి బొచ్చుల గోమార్లున్నయ్, రక్తం తాగుతున్నయ్. రోజు దువ్వాలె, ఏరి పారెయ్యాలె. ఎండకాలమని బొచ్చు కత్తిరియ్యకుండ్రి, తోలు కాలుతది. స్వీట్లు బందు."

"జాతి!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"గది రేపు చెప్త," అన్నాడు.

బర్రెను పట్టుకుని వరసలో నిలబడ్డ ఒక ముసలమ్మ, "ఏంది సాబ్, గా సార్లకు ఏమయింది?" అని అడిగింది.

"జాతి రోగం అవ్వా. దీనికి మా తాన మందు లేదు," అన్నాడు ఆయన, మా ముందే, ఏమాత్రం నవ్వకుండా.

ఆ 'రేపు' ఏళ్ల తరబడి రాలేదు. ఎప్పుడు పోయినా జాతి సంగతి అడిగేవాళ్లం. రేపు చెప్త అనేవాడు.

అప్పటికే ఊరు వేడెక్కింది. తెలంగాణ అన్న మాట గోడల మీద నుంచి ఇళ్లలోకి వచ్చేసింది. స్టాఫ్ రూంలో ఒక చాయ్ ఫ్లాస్కు రెండయ్యాయి. ఒకరోజు ప్రసాద్ గారు మా అటెండరు ఏదో చెబితే, "గిట్లనా? గట్లనా?" అని సినిమాలో హాస్యగాడి గొంతు పెట్టి వెక్కిరించాడు. అలాంటిదానికి నేను ఎన్నో ఏళ్లు నవ్వాను. నిజం చెప్పాలి, అటెండరు ముందే నవ్వాను. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

"ఇన్నేండ్లు మా నీళ్లు తాగి మా మాటను నవ్వుతున్నరా ప్రసాద్ గారూ?" అన్నాను.

"నీళ్లు మీవేంటండీ! నీళ్లకి ఊరుంటుందా?" అన్నాడు ఆయన.

నీళ్ల దగ్గర మొదలైన మాట ఎక్కడికి పోతుందో అప్పట్లో అందరికీ తెలుసు. మా మాటలు బందయ్యాయి. ఆడవాళ్లు మాత్రం గోడ మీదుగా కూర గిన్నెలు మార్చుకోవడం మానలేదు. వాళ్లను ఏ ఉద్యమమూ అడగలేదు.

ఉద్యోగులందరం సమ్మెకు దిగాం. చౌరస్తాలో టెంటు. నేను మంచి వక్తనని నాకు అప్పుడే తెలిసింది. ఒకరోజు మైకు పట్టుకుని ఊపులో, "మన భాషను నవ్విన్రు, మన చరిత్రను దాచిన్రు, ఆఖరికి మన కుక్కను కూడ నకిలీ అన్నరు!" అనేశాను. చప్పట్లు మోగాయి. ఏ కుక్కో, ఎవరన్నారో ఒక్కరూ అడగలేదు. ముందు వరసలో కూర్చున్న కంపౌండర్ సాబ్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన జేబులోంచి థర్మామీటరు తీసి, వెలుగుకు పెట్టి చూసుకుంటున్నాడు.

ఆ టెంటుకు అందరికన్నా ముందు వచ్చేది ఆయనే. చీపురు పట్టి ఊడ్చి, పట్టాలు పరిచేవాడు. జై తెలంగాణ అనేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. మాలాగా పక్కవాడు ఎంత గట్టిగా అంటున్నాడో చూడ్డం ఆయనకు చేతకాదు.

సమ్మె మొదలైన మూడో వారంలో మా మల్లి తిండి మానేసింది. ఒక రోజు ఊరుకున్నాం. రెండో రోజు పొద్దున లేవలేదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. దవాఖాన మూసి ఉంది. బస్సుల్లేవు, రైళ్లు కూడా ఆగాయి. వాటిని ఆపాలని మైకులో అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. టెంటు అంచున నిలబడ్డాను. కంపౌండర్ సాబే నా మొహం చూసి లేచి వచ్చాడు.

ఇంటికి వచ్చి మల్లి ముందు అరచెయ్యి చాపాడు. అది ముక్కు కదిలించలేదు. ఆయన పశువును విడిచి ముందు మనిషితో మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

"సార్, దీని ఒంట్ల రక్తం లేదు. గోమార్ల జ్వరం. మందు ఏస్త. గని మందు పనిజేసేదాక పానం ఆగాలె గద. రక్తం ఎక్కియ్యాలె."

రోజూ దువ్వమని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో గుర్తొచ్చింది. మేము మల్లి బొచ్చు దువ్వింది మూతి కొలిచిన రోజుల్లోనే.

వరంగల్‌లో ఉన్న డాక్టరుతో ఆయన చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. ఎంత తియ్యాలి, ఎంత మెల్లగా ఎక్కించాలి అన్నీ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. ఫోన్ పెట్టేసి, "గిదే సైజుల, రోగం లేని కుక్క ఒకటి కావాలె," అన్నాడు.

గోడ అవతల స్నోయీ మొరిగింది. మా ఆవిడ కొంగు సర్దుకుని లేచింది.

"అమ్మా, మీరు కూసోండ్రి," అన్నాడు ఆయన. "సార్ పోవాలె. సార్ అడగాలె."

మా గేటు నుంచి వాళ్ల గేటుకు పది అడుగులు. నా జీవితంలో అంత దూరం నేను నడవలేదు. ప్రసాద్ గారు లుంగీ మీద వరండాలో పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి పేపరు దించాడు. నేను కాలేజీ భాష, మైకు భాష అన్నీ మరిచిపోయాను.

"మల్లి సచ్చిపోతున్నది," అన్నాను. "మీ స్నోయీ రక్తం కావాలె."

ఆయన పేపరు మడిచి లోపలికి పోయాడు. తలుపు వేసుకుంటాడనుకున్నాను. చొక్కా తిరగేసి తొడుక్కుని, స్నోయీని భుజాన వేసుకుని, చెప్పులు కూడా లేకుండా బయటికి వచ్చాడు.

మా అన్నం బల్ల మీద పాత దుప్పటి పరిచారు. రక్తం గడ్డకట్టకుండా ఉండే మందు, సూదులు, సంచీ అన్నీ తెలిసిన లాబ్ నుంచి కంపౌండర్ సాబే తెచ్చుకున్నాడు. రెండు కుక్కల రక్తం ఒక్కో చుక్క అద్దంపలక మీద కలిపి, కిటికీ వెలుగులో అటూ ఇటూ వంచి చూశాడు. "గడ్డలు కట్టలే. అల్లా మేలు జేసిండు," అన్నాడు. స్నోయీ మెడ దగ్గర బొచ్చు గీసి, సూది పెట్టాడు. ప్రసాద్ గారు దాని తల పట్టుకున్నాడు.

అప్పుడు ప్రసాద్ గారు గొంతు సవరించుకున్నాడు.

"సాబ్, చిన్న డౌటండీ. బ్రీడు వేరు కదా. పామరేనియన్ రక్తం స్పిట్జ్‌కి పడుతుందంటారా?"

నేను సిగ్గుపడుతూనే రాస్తున్నాను. నా కుక్క కళ్లముందు చచ్చిపోతోంది. అయినా నోరు ఊరుకోలేదు. "మాది స్పిట్జ్ అని ఎవరన్నరు ముందుగాల?" అన్నాను.

కంపౌండర్ సాబ్ తల ఎత్తలేదు. సూది కదల్లేదు. గొంతు మాత్రం ఇల్లంతా వినపడింది.

"దోనో బాహర్! ఇద్దరు బయటికి నడువుండ్రి! చదువుకున్న గాడిదలు!"

మా ఆవిడ వచ్చి స్నోయీ తల పట్టుకుంది. మేమిద్దరం బయటికి వచ్చి గుమ్మం మెట్ల మీద, క్లాసులోంచి గెంటేసిన పిల్లల్లా కూర్చున్నాం. ప్రసాద్ గారన్నాడు:

"గాడిదలన్నాడండీ."

"అవును."

"ఏ బ్రీడో చెప్పలేదు."

మాటలు బందయిన ఇన్ని నెలలకు ఇద్దరం కలిసి నవ్వాం. నవ్వి, లోపల వింటారేమోనని నోళ్లు మూసుకున్నాం.

రక్తం చుక్క చుక్కగా ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఆయన మల్లి కాలు పట్టుకుని, దాని ఊపిరి లెక్కపెడుతూ కుర్చీలోంచి లేవలేదు. మా ఆవిడ చాయ్ పెడితే చల్లారిపోయింది. చివరికి మమ్మల్ని లోపలికి పిలిచి మల్లి పెదవి ఎత్తి చూపించాడు. కొద్దిగా, చాలా కొద్దిగా, గులాబీ రంగు.

ప్రసాద్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన దాన్ని అంతటితో వదిలేస్తే బాగుండేది. "చూశారా సాబ్! రక్తం ఒక్కటే. కలిసుంటే ప్రాణం నిలబడుతుంది. మేం మొదట్నుంచీ చెప్పేది ఇదే కదండీ!" అన్నాడు.

కంపౌండర్ సాబ్ మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్నాడు.

"సార్, కుక్క రక్తం కుక్కకు పడ్డది. గంతే. దీనిల రాష్ట్రం లేదు. రాష్ట్రం ముచ్చట వేరే ఉన్నది, రాష్ట్రం రావాల్సిందే. గది టెంట్ల మాట్లాడుకుందం. మీరు గూడ రండ్రి, చాయ్ తాగిపిస్త."

నేను గెలిచినట్టు చూశాను. ఆయన నా వైపు తిరిగాడు.

"మీరు గూడ సార్, మైకుల కుక్క ముచ్చట జెప్పకుండ్రి. జెప్పుకునేటందుకు మనకు బాధలు తక్కువున్నయా? మరిపెడ దిక్కు తండాలల్ల పశువులకు తాగ నీళ్లు లెవ్వు. గది జెప్పుండ్రి."

మర్నాడు టెంటులో ఒక యువకుడు మైకు తీసుకుని, సమ్మెలో ఉండి కూడా డ్యూటీ చేసినవాళ్లున్నారనీ, వాళ్ల పేర్లు చెప్పాల్సిన అవసరం లేదనీ అన్నాడు. అందరూ ముందు వరస వైపు చూశారు. కంపౌండర్ సాబ్ లేచాడు.

"నేను డ్యూటీ జెయ్యలే బిడ్డా. డ్యూటీల ఉంటే గంటకొకసారి చాయ్‌కి పోయేటోణ్ణి. నిన్న మూడు గంటలు కుర్సీల నుంచి లేవలే. గది డ్యూటీ ఎట్లయితది?"

జనం నవ్వారు. కానీ ఆ నవ్వుతో సంగతి తీరలేదు. ఆ రోజు నుంచి ఆయన వెనక వరసలో కూర్చున్నాడు. పక్కన ఎవరూ కూర్చోలేదు. పట్టాలు మాత్రం ఆయనే పరిచాడు.

ఆ మైకు అందరికన్నా ఎక్కువసేపు నా చేతిలో ఉండేది. ఆయన నా కుక్క కోసమే లేచాడని ఒక్క మాట చెప్పడానికి నాకు ఒక నిమిషం పట్టేది. నేను ఆ నిమిషం తీసుకోలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి కారణాలు వెతికితే చాలా దొరుకుతాయి. అప్పుడు ఉన్నది ఒక్కటే, భయం.

మూడో రోజు ప్రసాద్ గారు టెంటుకు వచ్చాడు. అందరూ మాటలాపి చూస్తుండగా వెనక వరసకు పోయి, కంపౌండర్ సాబ్ పక్కన పట్టా మీద కూర్చున్నాడు. "చాయ్ తాగిస్తానన్నారు కదండీ," అన్నాడు. నినాదాలు ఇచ్చినప్పుడు ఆయన నోరు విప్పలేదు, లేచి పోనూ లేదు. చాయ్ తాగి, నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ మర్నాడు కూడా వచ్చాడు. ఆయన రావడం మొదలైన నాలుగో రోజుకు, ఒక ఆంధ్రాయన వచ్చి కూర్చుంటే మనం దూరం కూర్చోవడమేమిటని ఒకరిద్దరు ఆ వరసలోకి జరిగారు. నేనూ వాళ్లతోనే జరిగాను. నా కన్నా ముందు ప్రసాద్ గారికి ధైర్యం వచ్చిందన్నది ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు.

మల్లి బతికింది. రాష్ట్రమూ వచ్చింది. ఆ రోజు కంపౌండర్ సాబ్ దవాఖానకు వచ్చిన ప్రతి పశువుకూ బెల్లం ముక్క తినిపించాడు. జ్వరం ఉన్నవాటికి సగం ముక్క.

ప్రసాద్ గారు తన వైపుకు బదిలీ రాసుకున్నాడు. ఇల్లు అమ్మేశాడు. రైల్లో కుక్కను తీసుకుపోవాలంటే ఆరోగ్యంగా ఉందని పశువుల డాక్టరు కాగితం కావాలన్నారు. ఇద్దరం స్నోయీని పట్టుకుని దవాఖానకు పోయాం. కంపౌండర్ సాబ్ ఫారం నింపుతున్నాడు. పేరు, రంగు, వయసు, అన్నీ రాశాడు. జాతి అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఏం రాయమంటరు సార్?"

"మీ ఇష్టం సాబ్. ఏదో ఒకటి రాసేయండి," అన్నాడు ప్రసాద్ గారు. ఆ పుస్తకం కూడా పాత పేపర్లతో పాటు అమ్మేసినట్టు నాకు తెలుసు.

"నిజం రాయాల్నా?"

ఇద్దరం ఫారం మీదికి వంగాం.

"మీ రెండు కుక్కలు బెంగళూరువి గావు. డోర్నకల్‌వి. రైల్వే క్వార్టర్ల ఒకరి తాన వీటి తల్లి ఉండె. గా కాన్పు నేనే జేసిన. ఐదు పిల్లలు. తల్లి అంగిట్ల నల్లమచ్చ ఉండె, గసొంటి మచ్చే ఈ రెండిటికి ఉన్నది. అక్కాచెల్లెండ్లు సార్. పామరేనియన్ లేదు ఏం లేదు, రెండూ స్పిట్జే."

ప్రసాద్ గారు నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో పుట్టిన పిల్లలను హనుమకొండ తిప్పి మళ్లీ మా ఊరికే అమ్మారు.

"మరి మొదటి రోజే చెప్పొచ్చు గద సాబ్!" అన్నాను.

"చెప్తే మీరిద్దరు ఒక్కటైతరు సార్. ఒక్కటై నా మీద పడ్తరు. మా అసోంటోళ్లకు ఎందుకా పరేషాన్?"

తర్వాత గడిలో ఏదో రాసి, డాక్టరు సంతకం చేయించి తెచ్చి ఇచ్చాడు. ప్రసాద్ గారు చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. జాతి అన్నచోట 'లోకల్' అని ఉంది.

ప్రసాద్ గారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ప్రతి సీనియారిటీ జాబితాలో ఆయన పేరు పక్కన నాన్‌లోకల్ అని ఉండేది. ఉద్యమం రోజుల్లో ఆ మాట ఎవరో ఆయన ఇంటి గోడ మీద కూడా రాశారు. సున్నం వేయించినా వానలకు మళ్లీ తేలేది. బర్రెల వాళ్లు కూర్చునే బల్ల మీద ఆయన కూలబడ్డాడు. కాగితం మడిచి మిగతా కాగితాల ఫైల్లో పెట్టలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

రైలు రోజు కంపౌండర్ సాబ్ కూడా స్టేషన్‌కు వచ్చాడు. పార్సిల్ ఆఫీసులో గుమాస్తా ఆ కాగితం చదివి, గంపలో కూర్చున్న స్నోయీని చూసి, నవ్వాడు.

"లోకల్ కుక్కను గింత దూరం ఎందుకు తీస్కపోతున్నరు సార్? గసొంటియి ఆడ దొర్కవా?"

ప్రసాద్ గారు ఒకసారి కంపౌండర్ సాబ్ వైపు చూశాడు.

"దొరకవండీ," అన్నాడు.